ఎంఎస్ఎంఈ సమాధాన్: పని పరిధి తగాదాలో ఫ్రీలాన్సరుకు ఎంత ఉపయోగం?

ఐదు పేజీల వెబ్‌సైటుకు ధర మాట్లాడుకున్నాక, "ఎలాగూ చేస్తున్నారు కదండీ, ఇది కూడా చూసేయండి" అంటూ క్లయింటు ఒకరు బిల్లింగ్ పేజీ, తెలుగు అనువాదం చేర్చుకుంటూ పోయి చివరి వాయిదా ఆపేసినప్పుడు, చిన్న సంస్థలు తమకు రావలసిన బకాయిలపై ఫిర్యాదు చేసుకునే కేంద్ర ప్రభుత్వపు ఎంఎస్ఎంఈ సమాధాన్ పోర్టల్‌ను ఆశ్రయించాను. ఇందుకు ఉద్యం నమోదు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే రిజిస్ట్రేషన్) ఉండాలి. అది ఉచితమే కానీ, పని ఒప్పుకోకముందే చేయించుకోవడం క్షేమం.

దీని వెనకున్న 2006 నాటి చట్టంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఒక చిన్న నిబంధన: పని అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దాన్ని అంగీకరించినట్టే లెక్క. మా క్లయింటు అభ్యంతరాలన్నీ ఫోనులోనే, అదీ నెల దాటాక. ఒప్పందంలో ఏమి రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది.

ఏది అసలు పని, ఏది అదనం అన్నది మాత్రం పోర్టల్ తేల్చదు. ఆ రుజువు మన ఆర్డరులో, ఈమెయిళ్ళలో ఉండాలి. వాట్సాప్‌లో "సరేనండి" అని నేను పెట్టిన ఒక్క మాట వల్ల అనువాదం డబ్బు వదులుకోవలసి వచ్చింది. మిగిలిన వాయిదా, ఈ ఫిర్యాదులను విచారించే రాష్ట్ర స్థాయి కౌన్సిల్ రాజీ ప్రయత్నం మొదలయ్యేలోపే ఖాతాలో పడింది.