మూడేళ్లు వాడిన వైఫై 6 రూటరు

మూడేళ్ల క్రితం పాత రూటరు తీసేసి వైఫై 6 (వైఫైలో ఆరో తరం) రూటరు పెట్టాను. ఇన్నాళ్లూ వాడాక చెబుతున్నాను, రూటరు మంచిదే. కానీ కొనేటప్పుడు పెట్టె మీది వేగం అంకెలే చూశాను. ముందు చూడాల్సింది ఇంట్లో అన్నిటికన్నా పాత పరికరాన్ని.

బిగించిన రోజు ఫోన్లన్నీ చక్కగా కలిశాయి. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మాత్రం మా నెట్‌వర్క్ పేరే లేదు. పక్కిళ్ల పేర్లన్నీ వరుసగా కనిపిస్తున్నాయి! రూటరు పాడైందనుకుని తిరిగి పంపబోయాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుకు ఉన్నది పాత డ్రైవరు, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేరు. వైఫై 6 ప్రసారాన్ని అది గుర్తించలేదు. కార్డు తయారుచేసిన సంస్థ సైటు నుంచి కొత్త డ్రైవరు వేయగానే పేరు కనిపించింది. కొత్త డ్రైవరు దొరకకపోతే రూటరులో వైఫై 6 ఆపి చూడండి.

తర్వాత ప్రింటరు మొరాయించింది. రూటరు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో ప్రసారం చేస్తుంది. ప్రింటరుకు 2.4 ఒక్కటే అందుతుంది, వైఫై భద్రతా పద్ధతుల్లో పాతదైన డబ్ల్యూపీఏ2 దాకానే వచ్చు. నేను కొత్తదైన డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టడంతో పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా చేరలేదు. రెండూ కలిసిన పద్ధతికి మార్చాక చేరింది. గేటు దగ్గరి కెమెరా కూడా అంతే. అయితే కెమెరాకు తయారీదారు అప్‌డేట్లు ఆపేశారు. అందుకే దాన్ని అతిథుల నెట్‌వర్క్‌లోకి మార్చి, అక్కడి నుంచి మా కంప్యూటర్లు అందకుండా చేశాను. ప్రింటరును అలా వేరు చేస్తే ఫోను నుంచి ప్రింటు తీయలేం.

డబ్ల్యూపీఎస్ పిన్ సౌకర్యాన్ని (పాస్‌వర్డు బదులు ఎనిమిది అంకెల పిన్‌తో వైఫైలో చేరే వీలు) మొదటి రోజే ఆపేశాను, మీరూ ఆపేయండి. ఎనిమిది అంకెల్లో చివరిది లెక్క సరిచూడటానికే కాబట్టి, బయటివాళ్లు పిన్‌ను ఊహించడానికి కోటి ప్రయత్నాలు కావాలనిపిస్తుంది. కానీ రూటరు ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది. దాంతో 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లోపం 2011లోనే బయటపడింది. రూటరు సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డు కూడా మార్చాలి. వైఫై పాస్‌వర్డు వేరు, అది వేరు.

మేడ మీది గదికి 5 గిగాహెర్ట్జ్ స్లాబు దాటి సరిగా రాదు. అక్కడ 2.4తోనే సర్దుకుంటున్నాం, పాఠాల వీడియోలకు అది సరిపోతోంది.

రూటరుకు ఇప్పటికీ భద్రతా అప్‌డేట్లు వస్తున్నాయి, నెలకోసారి చూసి వేస్తున్నాను. అవి ఆగిపోతే, వేగం ఎంత బాగున్నా దీన్ని మార్చేస్తాను.