ఒంటికన్ను గేజ్: ఇంట్లోనే ఏసీ గ్యాస్ నింపే కిట్ ఎంతవరకు నమ్మొచ్చు?

ఏప్రిల్ దాటాక కారు ఏసీలోంచి వేడిగాలి వచ్చిందంటే ఎవరి నోట విన్నా ఒకటే మాట: "గ్యాస్ అయిపోయి ఉంటుంది." ఈ కిట్ అమ్ముడుపోయేది ఆ మాట మీదే. నిజానికి ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. రబ్బరు హోసుల గుండా ఏడాదికి కొద్ది గ్రాములు పోవచ్చు. అంతకు మించి తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

కిట్‌లో వచ్చేవి: 450 గ్రాముల ఆర్-134ఏ (కారు ఏసీ గ్యాస్) డబ్బా, దానికి బిగించే ట్యాప్, మూరెడు హోసు, ఒత్తిడి చూపే ఒక గేజ్, లో సైడ్ కప్లర్. ఏసీలో గ్యాస్‌ను నొక్కే పంపు కంప్రెసర్. దానిలోకి గ్యాస్ వచ్చే తక్కువ ఒత్తిడి వైపు లో సైడ్, బయటికి పోయే ఎక్కువ ఒత్తిడి వైపు హై సైడ్. పోర్టుకు తగిలించే కొక్కెం లాంటిది కప్లర్. ఇందులో మెచ్చుకోవాల్సింది కప్లరే. లో సైడ్ పోర్టు 13 మి.మీ., హై సైడ్‌ది 16 మి.మీ. కాబట్టి పొరపాటున కూడా హై సైడ్‌కు ఎక్కదు. ఎక్కితే ఆ ఒత్తిడికి డబ్బా పేలిపోవచ్చు. లో సైడ్ పోర్టు లావు పైపు మీద ఉంటుంది. ఏసీ నడిచేటప్పుడు చల్లబడే పైపు అదే.

పెట్టె విప్పే ముందు రూపాయి ఖర్చు లేని పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఏసీ వేసి బానెట్ ఎత్తండి. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే, ముందువైపు జల్లెడ) ఫ్యాన్ తిరుగుతోందా? హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వేడెక్కుతోందంటే మొదట అనుమానించాల్సింది ఆ ఫ్యానునే. కండెన్సర్ రేకుల్లో దుమ్ము, పురుగులు మెత్తుకుపోయి ఉంటే వెనక నుంచి ముందుకు నీళ్లు పట్టండి, ఒత్తిడి మాత్రం తక్కువగానే ఉంచండి. బయల్దేరినప్పుడు చల్లగా ఉండి, అరగంటకు గాలే తగ్గిపోతోందంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. దానికి కారణం క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోవడమో, కాయిల్ దగ్గరి సెన్సర్ చెడిపోవడమో కావచ్చు. ఇలాంటి కార్లలో చాలావాటికి గ్యాస్ అవసరమే ఉండదు.

ఇక గేజ్ సంగతి. ఇంజిన్ ఆపి, నీడలో కొన్ని గంటలు ఉంచిన కారుకు తగిలిస్తే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), 40 డిగ్రీల దగ్గర 133 చూపించాలి. 20, 30 చూపిస్తే సిస్టమ్ దాదాపు ఖాళీ. అందులోకి కొత్త గ్యాస్ ఎక్కించడం అంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే. అలాగని 97 చూపించింది కదా, నిండుగా ఉందనుకోకూడదు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతకాలం ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. 450 గ్రాములున్నా 250 ఉన్నా ముల్లు అక్కడే నిలుస్తుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు తిప్పలు ఇంకా ఎక్కువ. డయల్ మీద 25 నుంచి 45 వరకు ఆకుపచ్చ రంగు వేసి 'ఇది సరి' అంటారు. రామగుండం ఎండలో, ఐడ్లింగ్‌లో, బాగున్న ఏసీ కూడా 50 దాటొచ్చు. పైగా కొత్త కార్లలో చాలావాటికి పంపింగ్‌ను తనంతట తానే తగ్గించుకునే కంప్రెసర్లుంటాయి. అవి లో సైడ్‌ను 30 చుట్టుపక్కలే పట్టి ఉంచుతాయి. గ్యాస్ పోస్తున్నా ముల్లు కదలడం లేదని డబ్బా మొత్తం ఎక్కించేసేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

అసలు లోపం, ఈ గేజ్‌కు ఒక కన్నే ఉండటం. లో సైడ్ 60 చూపిస్తోందనుకోండి. హై సైడ్ కూడా 350 దాటి ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా ఫ్యాన్ తిరగడం లేదు. హై సైడ్ 150 దగ్గరే ఆగితే కంప్రెసర్ అరిగిపోయింది. లో సైడ్ సున్నా దగ్గరికో, అంతకన్నా కిందికో పోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ద్వారం) మూసుకుపోయి ఉండొచ్చు, లేదా లోపలి తేమ అక్కడే గడ్డకట్టి ఉండొచ్చు. రెండు వైపులా తక్కువుంటేనే గ్యాస్ తక్కువని అనుమానించాలి. ఎండ 35 డిగ్రీలున్నప్పుడు హై సైడ్ 200 నుంచి 250 మధ్య ఉంటే మామూలే. ఈ తేడాలేవీ ఈ కిట్ చెప్పలేదు.

అయినా కొన్నారు, కాస్తే తగ్గిందని తెలుసు. అయితే ఒత్తిడి చూపించే గేజ్‌ను కాదు, వంటింటి త్రాసును నమ్మండి. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి. చిన్న కార్లకు 350 నుంచి 500 గ్రాముల వరకు పడుతుంది, అంటే ఒక్క డబ్బాతో సిస్టమ్ మొత్తం నిండిపోవచ్చు. ఏసీ ఫుల్ కూల్‌లో, బ్లోయర్ పూర్తిగా, తలుపులు తెరిచి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎమ్ దగ్గర ఉంచండి. హోసులోని గాలిని ఒక్క క్షణం బయటికి వదిలాకే కప్లర్ బిగించండి. డబ్బా నిటారుగానే పట్టుకోవాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి వెళ్లి దెబ్బతీస్తుంది. 50 గ్రాములు ఎక్కించి, ట్యాప్ మూసి, నాలుగు నిమిషాలు ఆగి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ చూడండి. చల్లదనం పెరగడం ఆగిందంటే మీరూ ఆగాలి. ఆ మీద పోస్తే తగ్గడం మొదలవుతుంది. కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది.

కంప్రెసర్‌ను ఇంజిన్‌కు కలిపే క్లచ్ పట్టుకోవడం లేదని, గ్యాస్ తక్కువైతే దాన్ని ఆపే ప్రెజర్ స్విచ్‌కు వైరుతో షార్టు చేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. ఆ పని చేయకండి. కంప్రెసర్‌కు ఆయిల్ చేరేది గ్యాస్‌తోపాటే. గ్యాస్ లేకుండా తిప్పితే అది పట్టేస్తుంది.

లీకు మూసే మందు కలిపిన డబ్బా అయితే నా మార్కు సున్నా. అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకట్టొచ్చు. కారులోంచి గ్యాస్ బయటికి తీసే వర్క్‌షాపు రికవరీ మిషన్‌నూ పాడు చేస్తుంది, అందుకే తెలిసిన మెకానిక్ అలాంటి కారును ముట్టుకోడు. యూవీ డై (లైటు పడితే మెరిసే రంగు) కలిపినది మాత్రం పనికొస్తుంది. కొద్దిరోజుల తర్వాత నీలి లైటు వేస్తే లీకున్న చోట మెరుస్తుంది. డై లేకపోయినా పైపు జాయింట్ల దగ్గర జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి మరక కనిపిస్తే ముందు అక్కడ వెతకండి.

మొత్తంగా ఈ కిట్‌కు నా మార్కు ఐదుకు రెండు. ఇదే డబ్బుకు ఇంకాస్త కలిపి లో, హై సైడ్‌లు రెండూ చూపే రెండు గేజుల మానిఫోల్డ్ సెట్ కొంటే లోపం ఎక్కడుందో పట్టుకోవచ్చు. గ్యాస్ పూర్తిగా పోయిన కారుకు ఇవేవీ చాలవు. లీకు సరిచేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ కనీసం అరగంట లాగి, ఆ వాక్యూమ్ నిలుస్తోందని చూశాక తూకంతో నింపే షాపుకే వెళ్లాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు ఆయిల్ కలిపిన డబ్బాలు అసలే వద్దు, వాటి కంప్రెసర్ ఆయిల్ వేరు. అమెరికాలో ఉన్నవాళ్లు స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ (ఇంకో రకం గ్యాస్) అని ఉందేమో చూసుకోవాలి. అక్కడి కొత్త కార్లలో ఎక్కువగా అదే, దాని పోర్టులూ వేరు.

పని అయ్యాక పోర్టు మూతలు గట్టిగా బిగించండి. పోర్టు లోపలి వాల్వ్ పిన్ సన్నగా లీకైనా గ్యాస్‌ను ఆపేది మూతలోని రబ్బరు రింగే.