ఉలి పిడులకు బత్తాయి కట్టె: ఏళ్లు వాడాక

వేరుకుళ్లు పట్టిన బత్తాయి తోటలు తీసేసినప్పుడు నల్గొండ వైపు ఆ కట్టంతా పొయ్యిలోకే పోతుంది. చూస్తే కడుపు మండుతుంది. ఉలి పిడికి ఇంత నున్నటి, బరువైన కట్టె టింబర్ డిపోలో అడిగినా దొరకదు. లేత పసుపు రంగు, పీచు కంటికి ఆననంత సన్నం. ఏళ్లు వాడినా పెచ్చు లేవలేదు, చెమట పట్టి ఇంకా నునుపెక్కింది.

చిక్కంతా ఆరబెట్టడంలోనే. దుంగను దుంగలాగే షెడ్డులో పడేస్తే నడుమ నుంచి బెరడు దాకా నెర్రె కొట్టి తీరుతుంది. ఆరేటప్పుడు కట్టె వలయాల వెంబడి కుంచించుకునేది, నడుమ నుంచి బయటికి కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రటి దుంగలో ఆ తేడా సర్దుకునే చోటు లేక చీలుతుంది. కొసలకు ఎంత రంగు పూసినా ఇది ఆగదు. కాబట్టి కొట్టిన రోజే నట్టనడుమ నుంచి చీల్చాలి, లావు దుంగైతే నాలుగు ముక్కలు. ఆ తర్వాతే కొసలకు కరిగించిన మైనమో, మిగిలిపోయిన ఎనామిల్ పెయింటో రెండు పూతలు. ఫెవికాల్ కూడా పూయొచ్చు గానీ మైనమంత ఆపదు. ముక్క పిడికన్నా అటూ ఇటూ రెండేసి అంగుళాలు పొడవు, అర అంగుళం లావు ఎక్కువుండాలి.

బెరడు ఒలిచేయండి, పురుగు చేరేది దాని కిందే. నీడలో అడ్డపట్టీల మీద పేర్చండి. మే నెల వడగాలి తగిలితే పైపొర ముందే ఆరి సన్న నెర్రెలు పడతాయి, గోనెపట్టా కప్పాలి. వానల్లో కొట్టినదానికి బూజు మచ్చలు, దసరా దాటాక కొట్టిందే నయం. వంటింటి త్రాసులో నెలకోసారి తూచి, బరువు తగ్గడం ఆగాకే ఉలి పెట్టాలి. చెట్టు మొదట్లో అంటు కట్టిన చోటు పీచు మెలి తిరిగి ఉంటుంది, బంక కారిన చోట నల్లచారలు. రెండూ కోసి పారేయడమే.

పెచ్చు లేవదన్నది చేత్తో నెట్టే ఉలుల సంగతి. సుత్తితో బాదే ఉలికైతే పిడి తలకు ఇనుప కట్టు లేకుంటే అంచు చీలుతుంది. గొడ్డలి కామకు అసలే వద్దు. ఈ చెట్టు రెండు మూడడుగులకే కొమ్మలేస్తుంది, అంత తిన్నటి ముక్క రాదు, దానికి నల్లతుమ్మే.

నాకు పక్క తోటలో ఊరికే దొరికింది, పనులూ చిన్నవే. ఆటో కిరాయి పెట్టి తెప్పించుకోవాలంటే మాత్రం నేనూ ఆలోచిస్తాను.