గిటార్ యాంప్‌కూ పెడళ్లకూ మిడి స్విచింగ్: బాస్ ఈఎస్-8ను ఏళ్ల తరబడి వాడిన తరువాత

పాట మధ్యలో క్లీన్ టోన్ నుంచి సోలో టోన్‌కు మారాలంటే కంప్రెసర్‌ను ఆపాలి, ఓవర్‌డ్రైవ్‌ను వేయాలి, డిలేలో మరో ప్రీసెట్‌ను ఎంచుకోవాలి, యాంప్‌ను రెండో ఛానెల్‌కు మార్చాలి. ఈ నాలుగు పనులనూ ఒక్కసారి నొక్కితే జరిపించేదే మిడి స్విచింగ్ సిస్టమ్. మిడి అంటే సంగీత పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే ప్రమాణం. బాస్ కంపెనీ స్విచర్ ఈఎస్-8 నా పెడల్‌బోర్డు మీద ఏళ్లుగా ఉంది. అంతకుముందు వేరే స్విచర్లనూ వాడాను. ఇలాంటి పరికరం కొనేవారు సాధారణంగా లూపులు (పెడల్‌కు సిగ్నల్ పంపే సెండ్, తిరిగి తీసుకునే రిటర్న్ జాక్‌ల జతలు) ఎన్ని, ప్యాచ్‌లు (దాచుకున్న అమరికలు) ఎన్ని అన్నది ముందు చూస్తారు. నేనైతే యాంప్ వెనుక వైపు ముందు చూడమంటాను, ఎందుకంటే ఏ స్విచర్ సరిపోతుందో చాలావరకు అక్కడున్న జాక్‌లే నిర్ణయిస్తాయి.

చాలా యాంప్‌లలో ఛానెల్ మార్చే ఫుట్‌స్విచ్ జాక్‌కు మిడితో సంబంధమే ఉండదు. ప్లగ్ కొస భాగమైన టిప్‌ను మొదలు భాగమైన స్లీవ్‌తో కలిపితే ఒక ఛానెల్, విడదీస్తే మరొకటి. వాటి మధ్య రింగ్ కూడా ఉంటే దానితో రివర్బో బూస్టో నడుస్తుంది. ఈ కలపడం అలాగే నిలిచి ఉండాలా, లేక క్షణంపాటు కలిపి వదిలితే చాలా అన్నది యాంప్‌ను బట్టి మారుతుంది. మొదటిదాన్ని లాచింగ్ అనీ రెండోదాన్ని మొమెంటరీ అనీ అంటారు. లాచింగ్ యాంప్ అయితే ఛానెల్ స్థితిని స్విచర్ తన చేతిలోనే ఉంచుకుంటుంది కాబట్టి, ఏ ప్యాచ్ నుంచి ఏ ప్యాచ్‌కు వెళ్లినా సరైన ఛానెలే మోగుతుంది. మొమెంటరీ యాంప్ విషయంలో స్విచర్ పంపేది కేవలం ‘మారు’ అన్న సంకేతం. యాంప్ ప్రస్తుతం ఎక్కడ ఉందో దానికి తెలిసే దారి లేదు. యాంప్ ముందున్న బటన్‌ను ఎవరైనా ఒక్కసారి నొక్కారంటే, ఆ తరువాత ప్రతి ప్యాచ్ తలకిందులే. కొన్ని యాంప్‌లు ఇదే జాక్ ద్వారా ఫుట్‌స్విచ్‌లోని ఎల్ఈడీకి వోల్టేజి కూడా పంపుతాయి గనుక, మాన్యువల్ చూడకుండా ఏ పరికరాన్నీ దీనికి కలపకూడదు. యాంప్‌కే మిడి ఇన్ ఉంటే ఈ చిక్కులేవీ ఉండవు.

ఈఎస్-8లో ఎనిమిది లూపులు, వాల్యూమ్ పెడల్‌కు వేరుగా ఒక లూపు, ఎనిమిది వందల ప్యాచ్‌లు, యాంప్‌ను మార్చే కంట్రోల్ జాక్‌లు, మిడి ఇన్, మిడి అవుట్ ఉన్నాయి. ప్యాచ్‌ల సంఖ్య నాకు ఎన్నడూ ముఖ్యం కాలేదు. దీన్ని నేను వదలకపోవడానికి కారణం, లూపుల వరుసను ప్రతి ప్యాచ్‌లోనూ విడిగా మార్చుకోగలగడం. ఈ సౌకర్యం విలువ నాలుగు కేబుళ్ల పద్ధతిలో పూర్తిగా బయటపడుతుంది. సాధారణంగా ఈ పద్ధతిలో ఓవర్‌డ్రైవ్ వంటివి యాంప్ ఇన్‌పుట్‌కు ముందూ, డిలే, రివర్బ్ వంటివి యాంప్‌లో టోన్‌ను మలిచే ప్రీయాంప్‌కూ స్పీకర్‌ను నడిపే పవర్ యాంప్‌కూ మధ్య ఉండే ఎఫెక్ట్స్ లూపులోనూ స్థిరంగా ఉండిపోతాయి. కానీ స్విచర్‌లోని ఒక లూపు సెండ్‌ను యాంప్ ఇన్‌పుట్‌కూ, యాంప్ ఎఫెక్ట్స్ సెండ్‌ను అదే లూపు రిటర్న్‌కూ, స్విచర్ అవుట్‌పుట్‌ను యాంప్ ఎఫెక్ట్స్ రిటర్న్‌కూ కలిపితే, ప్రీయాంప్ కూడా మరో పెడల్‌లాగే వరుసలో ఒక స్థానమవుతుంది. అప్పుడు ధ్వనిని అలలా ఊపే ఒకే ఫేజర్ పెడల్‌ను ఒక ప్యాచ్‌లో ప్రీయాంప్‌కు ముందు పెట్టి నోట్ల మీద పొడిగా, గరుకుగా తిప్పవచ్చు. ఇంకో ప్యాచ్‌లో దాన్నే తరువాత పెట్టి డిస్టార్షన్ మొత్తాన్నీ వెడల్పుగా ఊపవచ్చు. ఒక కేబుల్‌ను కూడా కదిలించకుండా రెండు వేర్వేరు వాద్యాలు వాయిస్తున్నంత తేడా వినిపిస్తుంది, అది నాకు నేటికీ ఆనందమే. అయితే ప్రీయాంప్ లూపు ప్రతి ప్యాచ్‌లోనూ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది ఆఫ్‌లో ఉంటే గిటార్ సిగ్నల్ నేరుగా పవర్ యాంప్‌కు వెళ్లి పేలవంగా వినిపిస్తుంది.

పొడవైన కేబుళ్లలో సిగ్నల్ బలహీనపడకుండా చూసే సర్క్యూట్లైన బఫర్ల విషయంలోనూ ఈ పరికరం నన్ను తృప్తిపరిచింది. గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. గిటార్ నుంచి పెడల్‌బోర్డుకూ, అక్కడి నుంచి యాంప్‌కూ, మధ్యలో ప్యాచ్ కేబుళ్లకూ కలిపి పొడవు పెరిగేకొద్దీ హై ఫ్రీక్వెన్సీలు తగ్గుతూపోతాయి, దీనికి మందు బఫరే. జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ (ఒక రకం డిస్టార్షన్ పెడల్)కు మాత్రం ముందు బఫర్ ఉంటే టోన్ గరుకుగా మారుతుంది, గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు అది శుభ్రపడే గుణం కూడా పోతుంది. ఈఎస్-8లో బఫర్లను ప్యాచ్‌ను బట్టి వేసుకోవచ్చు, తీసేయవచ్చు. ఫజ్ ఉన్న ప్యాచ్‌లలో ఇన్‌పుట్ బఫర్‌ను తీసి ఫజ్‌ను వరుసలో మొదట పెడతాను, మిగతా అన్నిటిలో ఉంచుతాను.

ఇక మిడి. 1983లో వెలువడిన ఈ ప్రమాణం సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది, ప్రీసెట్‌ను మార్చమని చెప్పే ఒక ప్రోగ్రామ్ చేంజ్ సందేశం చేరడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ప్యాచ్ మార్చినప్పుడు ధ్వనిలో ఖాళీ వినిపిస్తే, ప్రీసెట్‌ను లోడ్ చేసుకోవడానికి పెడల్ తీసుకుంటున్న సమయాన్నే ముందుగా అనుమానించాలి. నా దగ్గర ఉండిన ఒక డిలే పెడల్ ప్రతి మార్పుకూ అలా ఆగేది; స్విచర్ సెట్టింగులు ఎంత సర్దినా అది పోలేదు. ప్రోగ్రామ్ చేంజ్‌లో 128 సంఖ్యలే ఉంటాయి కాబట్టి, స్ట్రైమన్ టైమ్‌లైన్ వంటి 200 ప్రీసెట్ల పెడల్‌లో పై సంఖ్యలను చేరాలంటే ముందు బ్యాంక్ సెలెక్ట్ సందేశం వెళ్లాలి. ఒక పరికరం లెక్కను 0 నుంచి, మరొకటి 1 నుంచి మొదలుపెడితే అన్ని ప్రీసెట్లూ ఒక స్థానం జరిగి కనిపిస్తాయి. చిన్న పెడళ్లలో ఐదు పిన్నుల జాక్‌కు బదులు వచ్చే టీఆర్ఎస్ (టిప్, రింగ్, స్లీవ్) మిడి జాక్‌లో టిప్, రింగ్ వైరింగ్ టైప్ ఎ, టైప్ బి అని రెండు రకాలు. టైప్ ఎ 2018లో ప్రమాణమైనా పాత పెడళ్లు రెండో రకంలోనూ ఉన్నాయి. పెడల్ మిడికి అసలు స్పందించడం లేదంటే ముందు ఈ కేబుల్‌నూ, తరువాత మిడి ఛానెల్ సంఖ్యనూ చూడాలి.

నాలుగు కేబుళ్ల పద్ధతిలో అసలైన కష్టం హమ్, అంటే స్పీకర్‌లో ఆగకుండా వినిపించే మోత. యాంప్‌కూ స్విచర్‌కూ మధ్య గ్రౌండ్ ఒకటికి మించిన దారుల్లో కలవడం వల్ల గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. ఎఫెక్ట్స్ సెండ్ నుంచి స్విచర్‌కు వచ్చే కేబుల్ మార్గంలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడంతో నా యాంప్‌లో అది దాదాపు మాయమైంది. ఐసొలేటెడ్ అవుట్‌పుట్లున్న పవర్ సప్లై కూడా సాయపడింది. హమ్ పోతుందని యాంప్ ప్లగ్‌లోని ఎర్త్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ట్యూబ్ యాంప్ లోపల వందల వోల్టులు ఉంటాయి, ఎర్త్ లేని యాంప్‌లో ఇన్సులేషన్ లోపిస్తే గిటార్ తీగలు పట్టుకున్న మనిషికి ప్రాణాపాయం.

ఈఎస్-8 అందరికీ అవసరమని నేను అనను. పెడళ్లన్నీ మిడి ఉన్నవే అయి, యాంప్‌కు కూడా మిడి ఇన్ ఉంటే, ఆడియో లూపులు లేని చిన్న మిడి కంట్రోలర్ సరిపోతుంది. బోర్డు మీద చోటూ బరువూ మిగులుతాయి. పాత అనలాగ్ పెడళ్లు మూడు నాలుగే ఉన్నవారికి అయిదు లూపుల ఈఎస్-5 సరిపోతుంది. మొమెంటరీ జాక్ ఉన్న యాంప్‌ను వాడేవారు మాత్రం, స్విచర్ ఏదైనా, వాయించడం మొదలుపెట్టే ముందు యాంప్‌ను చేత్తో క్లీన్ ఛానెల్‌కు తెచ్చి, క్లీన్ ప్యాచ్ నుంచే ఆరంభించాలి.