ఓడే జట్టుకు సీజన్ టికెట్: దశాబ్దం దాటాక నా సమీక్ష

గెలుపులు చూడాలని ఉంటే ఈ టికెట్ కొనకండి. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

మాస్టర్స్ చదవడానికి అమెరికా వచ్చినప్పుడు విద్యార్థి పాసుతో మా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటలకు (కాళ్లతో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని బంతి చేత పట్టి పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) వెళ్లడం మొదలైంది. ఉద్యోగం కూడా ఇదే ఊళ్లో దొరకడంతో పాసు కాస్తా సీజన్ టికెట్ (ఆ ఏడాది సొంత మైదానంలో జరిగే ఆటలన్నిటికీ కలిపి కొనేది) అయింది. దశాబ్దం దాటింది. ఈ కాలంలో మేం గెలిచినవాటికన్నా ఓడినవే చాలా ఎక్కువ. జట్టు పేరు చెప్పను. ఈ పోలికలున్న జట్లు దేశంలో బోలెడున్నాయి, ఎవరిది వారు అనుకోవచ్చు.

మొదట డబ్బు సంగతి. టికెట్ మీద అచ్చయిన ధర అసలు ధర కాదు. మైదానం మధ్యగీతకు ఎదురుగా ఉండే వరుసల్లో కూర్చోవాలంటే క్రీడా విభాగానికి ఏటా ‘విరాళం’ ఇవ్వాలి. ఇస్తేనే ఆ సీటు కొనే అర్హత వస్తుంది. ఇలాంటి విరాళంలో 80 శాతాన్ని పన్ను లెక్కల్లో మినహాయించుకునే వీలు ఒకప్పుడు ఉండేది. 2017 పన్ను చట్టం దాన్ని ఎత్తేసింది. విరాళం మాత్రం చెక్కుచెదరలేదు. ఏటా వచ్చే ఉత్తరంలో నన్ను ఇప్పటికీ ‘ఉదార దాత’ అనే సంబోధిస్తారు. ఫలానా తేదీలోగా కట్టకపోతే నా సీటు మరొకరికి ఇచ్చేస్తామని అదే ఉత్తరం చివరి పేరాలో ఉంటుంది. మూలవైపు సీట్లకు ఈ బాదరబందీ లేదు. ఇంకా పొదుపు కావాలంటే అక్టోబరు దాకా ఆగండి. అప్పటికి జట్టు నాలుగైదు ఆటలు ఓడి ఉంటుంది, సీజన్ టికెట్లు కొన్నవాళ్లే మంచి సీట్లను సగానికన్నా తక్కువకు అమ్మకానికి పెడతారు.

సీటంటే అల్యూమినియం బెంచీ. వీపు ఆనించడానికి ఏమీ ఉండదు. నవంబరు ఆటలకు కింద వేసుకునే మెత్త ఒక్కటే చాలదు, బూట్ల కింద పరచడానికి మందపాటి అట్టముక్క కూడా తీసుకెళ్లండి. చలి గాలిలోంచి వచ్చేదానికన్నా కాళ్ల కింది కాంక్రీటులోంచి ఎక్కేదే ఎక్కువ. గేటు దగ్గర పారదర్శకమైన సంచులనే రానిస్తారు. జిప్పు జేబున్న మెత్తలను వెనక్కి పంపిన సందర్భాలూ చూశాను.

ఆట ఎన్ని గంటలకో టికెట్ కొన్ననాటికి ఎవరికీ తెలియదు. సమయం నిర్ణయించేది టీవీ సంస్థలు. చాలా ఆటలకు 12 రోజుల ముందు చెబుతారు, కొన్నిటికి 6 రోజుల ముందు. రాత్రి దీపాల వెలుగులో ఆడే అవకాశం గెలిచే జట్లకు దక్కుతుంది. మాకు ఉదయం 11 గంటలు. ఇక ఆట మొదలయ్యాక ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ఉద్యోగి మైదానం అంచు నుంచి నాలుగడుగులు లోపలికి వచ్చి నిలబడతాడు. ఆయన నిలబడ్డాడంటే టీవీలో ప్రకటనలు వస్తున్నట్టు. ఇళ్లలో ఉన్నవాళ్లు ప్రకటనలు చూస్తారు, మేం ఆయన్ను చూస్తాం. 2023 నుంచి ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లోగా పది గజాలు ముందుకు వెళ్తే దక్కే కొత్త అవకాశం, ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు) వచ్చినప్పుడల్లా గడియారం ఆపే పద్ధతిని ఒక్కో అర్ధభాగంలో చివరి 2 నిమిషాలకే పరిమితం చేశారు. ఆడే ఎత్తుగడల సంఖ్య తగ్గింది గానీ, ఎర్ర టోపీ మనిషి నిలబడే సమయం తగ్గలేదు.

ఇప్పుడు ఓటమి గురించి. చిత్తుగా ఓడిన ఆటలు నిజానికి తేలిక. రెండో క్వార్టర్‌కే ఫలితం తేలిపోతుంది, విద్యార్థులు విరామంలో వెళ్లిపోతారు, మిగిలినవాళ్లం కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పుకుంటాం. ప్రాణం తీసేవి మూడు పాయింట్ల తేడాతో పోయేవి. మూడో డౌన్, కావలసింది రెండు గజాలు. బంతి మనవాళ్లదే కాబట్టి గోల ఆపేస్తాం, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ పిలుపు తోటివాళ్లకు వినబడాలి కదా. అంత నిశ్శబ్దంలో, ఈ బంతి మధ్యలోంచే పరుగు తీస్తుందని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎదుటి జట్టుకూ తెలుసు. మధ్యలోంచే వెళ్తుంది. జెర్సీల గుట్ట ఒకటి లేస్తుంది, కూలుతుంది. రిఫరీ గొలుసు తెప్పించి కొలిపించేంత దూరం కూడా ముందుకు జరగదు. పంటర్, అంటే ముందుకు వెళ్లలేకపోయినప్పుడు బంతిని ఎదుటివాళ్ల వైపు దూరంగా తన్నేసేవాడు, హెల్మెట్ తగిలించుకుంటూ మైదానంలోకి వస్తాడు. చాలా ఏళ్లుగా మా జట్టులో నమ్మదగిన ఆటగాడు పంటరే. అతనికి దొరికినంత సాధన దేశంలో మరెవరికీ దొరికి ఉండదు.

ఏటా సెప్టెంబరులో మా జట్టు ఓ పెద్ద విశ్వవిద్యాలయం మైదానానికి వెళ్లి, ఓడి, చెక్కు తెచ్చుకుంటుంది. దీన్ని గ్యారంటీ ఆట అంటారు. ఇప్పుడు ఇలాంటి ఆటకు 10 లక్షల డాలర్లు దాటడం మామూలే. ఆ డబ్బుతోనే ప్రేక్షకులు పెద్దగా రాని ఆటల జట్లు కూడా నడుస్తాయి కాబట్టి నాకు అభ్యంతరం లేదు. పైగా 2007 సెప్టెంబరు 1 అనే తేదీ ఒకటుంది. ఆ రోజు 4 లక్షల డాలర్లిచ్చి పిలిపించుకున్న అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో ఐదో ర్యాంకు మిషిగన్ సొంత మైదానంలో 34-32తో ఓడింది. ఆఖరి క్షణాల్లో మిషిగన్ ఫీల్డ్ గోల్ కోసం స్తంభాల మధ్యకు తన్నిన బంతిని అడ్డుకుని మరీ గెలిచారు. చిన్న జట్ల అభిమానులకు ఆ స్కోరు కంఠతా వస్తుంది. మాకు అలాంటిది జరగలేదు. ప్రతి సెప్టెంబరులో మొదటి క్వార్టర్ అయ్యేవరకు మాత్రం జరిగేలాగే ఉంటుంది.

మా బావమరిది పెద్ద జట్టు అభిమాని. “బావా, అదే డబ్బుతో మా ఆటలు రెండు చూడొచ్చు, ఇంటికి నవ్వుకుంటూ రావచ్చు” అంటాడు. అతని జట్టు ఏడాదికి ఒక్క ఆట ఓడినా వారం రోజులు ఫోను ఎత్తడు. ఆ నవ్వు సంగతి నాకు తెలియనిది కాదు.

ఇంతవరకు చెప్పినవేవీ నేను మార్కులు తగ్గించడానికి కారణాలు కావు. ఓటమి ఈ సరుకులో భాగం, తెలిసే కొన్నాం. నాకు నచ్చనిది వేరే ఉంది, అది గత కొన్నేళ్లలో వచ్చింది: జట్టు పరిచయమయ్యేలోపే చెదిరిపోతోంది.

మాకొక రిసీవర్ ఉండేవాడు. పెద్ద జట్లేవీ స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే మావాళ్లు ఇచ్చారు. మొదటి ఏడాది చేతికొచ్చిన బంతులు వదిలేసేవాడు. ఆట అయ్యాక స్టేడియం ఖాళీ అవుతుంటే బంతులు విసిరే యంత్రం ముందు నిలబడి ఒంటి చేత్తో పట్టడం సాధన చేసేవాడు. పార్కింగ్ రద్దీ తగ్గేదాకా కూర్చుని చూసేవాళ్లం. రెండో ఏడాదికి ఇద్దరు కాపలా ఉన్నా బంతి అతనికే వేసేవారు. డిసెంబరులో అతని పేరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే జట్టు మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, కనిపించింది. ఇప్పుడు రాత్రి ఆటల్లో, వేరే రంగు జెర్సీలో, టీవీలో చూస్తాను. పట్టేటప్పుడు ఎడమ మోచేయి బయటికి పెట్టే అలవాటు పోలేదు.

అతను చేసినదాంట్లో తప్పు లేదు. కోచ్‌లు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కువ జీతానికి వెళ్లిపోయే ఆటలో, విద్యార్థి మాత్రం జట్టు మారితే ఏడాది బెంచీ మీద కూర్చోవాలనేది అన్యాయమే. 2021లో ఒకసారి మారినా వెంటనే ఆడనిచ్చారు. 2024లో ఎన్నిసార్లు మారినా సరే, చదువు సాగుతుంటే చాలన్నారు. విద్యార్థులకు చదువుతో ముడిపడ్డ అదనపు ప్రయోజనాలపై పరిమితులు చెల్లవని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో తేల్చింది. ఆ జూలై 1 నుంచి తమ పేరు, రూపం వాడుకునే ప్రకటనలకు ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. దశాబ్దాలపాటు వీళ్ల చెమట మీద స్టేడియాలు కట్టారు, వీళ్లకు ఇప్పుడు ముడుతోంది. సంతోషమే. కాకపోతే ఆ పరిమితి దాకా ఖర్చు పెట్టగలిగేది పెద్దవాళ్లు. మా విభాగం అందులో చిన్న భాగానికే చందాలు పోగుచేస్తోంది, నాకు వచ్చే ఉత్తరాల సంఖ్య చూస్తే తెలుస్తుంది. ఆటగాణ్ని వెతికి, పెంచి, పై మెట్టుకు అప్పగించడమే మా వంతు అయింది.

మా ముందు వరుసలో ఒక పెద్దాయన కూర్చుంటారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు రాసుకుంటారు: సొంత ఊరు, ఎత్తు, బరువు, ఏ ఆటలో ఏం చేశాడు. సీనియర్ల కార్డులు నాలుగేళ్లు జేబులో నలిగి, వానకు తడిసి, అంచులు చిరిగి ఉండేవి. ఇప్పుడు డబ్బాలో కార్డులన్నీ కొత్తగా తళతళలాడుతున్నాయి. సిరా మానేసి పెన్సిలు వాడుతున్నారు.

సీజన్ ఆఖరి సొంత ఆటకు ముందు సీనియర్లు తల్లిదండ్రులతో కలిసి మైదానం మధ్యకు నడుస్తారు. పేరు చదువుతారు, లేచి చప్పట్లు కొడతాం. నేను ఒక్కసారి కూడా మానని కార్యక్రమం అది. ఈమధ్య నడిచేవాళ్లలో సగం మంది మా ఊరొచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. మైకులో పేరు చదివాక జెర్సీ అంకె చూసి, ఎవరో గుర్తు తెచ్చుకుని, అప్పుడు చప్పట్లు కొట్టాల్సి వస్తోంది. ఆ తల్లులు మాత్రం ఎప్పటిలాగే ఏడుస్తారు.

ఈ మాట అంటే క్రీడా విభాగం వాళ్లు ఇండియానా పేరు చెబుతారు. అప్పటికి చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్టుగా పేరుపడిన ఇండియానా 2023లో 3 గెలిచి 9 ఓడింది. కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాదే, 2024లో, 11 గెలిచి, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు చేరింది. మరుసటి సీజన్‌లో ఒక్క ఆటా ఓడకుండా జాతీయ టైటిల్ కొట్టింది. అద్భుతమే, నేనూ కళ్లార్పకుండా చూశాను. కానీ సిగ్నెటీ తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నారు. ఇండియానా కథ చెప్పేవాళ్లెవరూ ఆ ఏడాది జేమ్స్ మాడిసన్ స్టేడియంలో కూర్చున్నవాళ్లను అడగరు. మేం ఆ బల్లకు ఏ వైపున ఉన్నామో మా విభాగానికి ఇంకా అర్థమైనట్టు లేదు.

ఇండియానా వల్ల జరిగిన మరో నష్టం ఓపిక పూర్తిగా చచ్చిపోవడం. 1989లో కోచ్‌గా బిల్ స్నైడర్ వచ్చేనాటికి కాన్సాస్ స్టేట్ వరుసగా 27 ఆటల్లో గెలుపు ముఖం చూడలేదు. మొదటి ఏడాది ఆయన గెలిచింది ఒక్కటే ఆట. 1993కు 9 గెలుపులు, 1998లో వరుసగా 11. ఇవాళ ఒక్క గెలుపుతో మొదటి ఏడాది ముగించిన కోచ్‌కు మూడో ఏడాది ఆడే భాగ్యం ఉంటుందా? పంపించేయడమూ చవక కాదు. 2023లో కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసిన టెక్సస్ ఏ అండ్ ఎం ఆయనకు 7.5 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. మా స్థాయిలో అంకెలు చిన్నవే అయినా వరస అదే: కొత్త కోచ్, కొత్త నినాదం, కొత్త హెల్మెట్ రంగు, మళ్లీ పోర్టల్. హెల్మెట్లు మాత్రం ప్రతిసారీ బాగుంటున్నాయి.

ఇక బాగున్నవి. మా బ్యాండ్‌కు పోర్టల్ లేదు. నాలుగేళ్లూ అవే ముఖాలు. ట్యూబా వరుసలో మొదటి ఏడాది అడుగు తప్పిన పిల్ల ఆఖరి ఏడాది వరుసను నడిపిస్తుంది. విరామంలో శీతల పానీయాల కోసం లేచి వెళ్లకండి, టికెట్ డబ్బులో సగం అక్కడే గిట్టుబాటవుతుంది. ఆటకు ముందు పార్కింగ్ స్థలంలో టెంట్లు వేసుకుని తినడం, తినిపించడం మరొకటి. జట్టు ఓడేకొద్దీ ఆ బంధం బలపడుతుంది, అక్కడికి వచ్చేది ఆట కోసం మాత్రమే కాదని అందరికీ తెలుసు. ఆరో గెలుపు ఆట చూసే అదృష్టం దక్కితే సరేసరి. 12 ఆటల్లో 6 గెలిస్తే బౌల్ ఆటకు, అంటే సీజన్ అయ్యాక బహుమతిలా దక్కే అదనపు ఆటకు, అర్హత వస్తుంది. పెద్ద జట్టు అభిమానికి అది సిగ్గుచేటు సీజన్. మేం ఆ రోజు మైదానంలోకి దిగి, గడ్డి పీక్కుని ఇంటికి తెచ్చుకున్నాం.

అయిదుకు రెండున్నర ఇస్తాను. 2021కి ముందైతే మూడున్నర ఇచ్చేవాణ్ని, గెలుపోటముల లెక్క అప్పుడూ ఇంతే. పిల్లలున్నవాళ్లకు మూలవైపు సీట్లు నిస్సంకోచంగా చెబుతాను. విరాళం కట్టి మధ్యగీత సీటు కొత్తగా తీసుకోవడం మాత్రం దండగ, అక్టోబరులో ఆ సీట్లే ఖాళీగా ఉంటాయి, ఎవరూ లేవమనరు. నేను ఈ ఏడాది కూడా రెన్యూ చేశాను. పార్కింగ్ పాసు వదులుకుని ఆ డబ్బు బ్యాండ్ నిధికి పంపాను. దానికి వచ్చిన రసీదులో ‘ఉదార దాత’ అని లేదు, పేరు పెట్టి ధన్యవాదాలు చెప్పారు.