సుడో వాడదగ్గదే, కానీ అన్ని ఆప్షన్లు ఎందుకు?

మామూలు యూజర్ చేత రూట్ (సర్వాధికారాలున్న యూజర్) హోదాలో కమాండ్ నడిపించే ప్రోగ్రామ్ సుడో. లినక్స్ సర్వర్ నడిపేవాళ్లకు ఇది లేకుండా పూట గడవదు. రూట్ పాస్‌వర్డ్ నలుగురికీ పంచకుండా పని జరుగుతుంది, ఎవరు ఏ కమాండ్ కొట్టారో లాగ్‌లో ఉంటుంది. అంతవరకు వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా, చాలామంది ఒక్కసారి కూడా ముట్టని ఆప్షన్లలోనే దీనికి పెద్ద చిల్లులు పడ్డాయి.

2021 జనవరిలో భద్రతా సంస్థ క్వాలిస్ బయటపెట్టిన 'బారన్ సామెడిట్' అనే లోపం చూడండి. ఆ తప్పు 2011లో చేరింది, దాదాపు పదేళ్లు ఎవరి కంటా పడలేదు. సుడోతో ఫైళ్లు దిద్దే సుడోఎడిట్ కమాండ్‌కు హైఫన్ ఎస్ ఆప్షన్ ఇచ్చినప్పుడు, ఆర్గ్యుమెంట్ (కమాండ్ పక్కన ఇచ్చే మాట) చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉంటే, సుడో ఆ మాట ముగింపు గుర్తును కూడా దాటేసి, కేటాయించిన మెమరీ అవతలికి రాసేది. దాంతో మామూలు యూజర్ రూట్ అయిపోవచ్చు. 1.9.5పీ2లో సరిచేశారు. పరీక్ష తేలికే: సుడోఎడిట్ కమాండ్‌కు హైఫన్ ఎస్, ఆ పక్కన ఒక స్లాష్ ఇవ్వండి. జవాబు 'యూసేజ్' అని మొదలైతే భయం లేదు, 'సుడోఎడిట్' అని మొదలైతే వెంటనే అప్‌డేట్ చేయాలి.

2025 జూన్‌లో బయటపడిన లోపం ఇంకా ఘోరం. క్రూట్ ఆప్షన్ (ఒక డైరెక్టరీనే మొత్తం సిస్టమ్‌గా చూపించేది) ఇస్తే, యూజర్ చెప్పిన డైరెక్టరీలోకి సుడో ముందే దిగిపోయి, అనుమతి ఉందో లేదో తర్వాత చూసేది. దాడిచేసేవాడు అక్కడ దొంగ ఎన్ఎస్ఎస్‌స్విచ్ ఫైలు (యూజర్ల వివరాలు ఎక్కడ, ఏ లైబ్రరీతో వెతకాలో చెప్పేది) పెడితే, వాడి లైబ్రరీయే రూట్ హోదాలో నడుస్తుంది. ఎవరికి ఏ అనుమతో రాసే సుడోయర్స్ ఫైలులో వాడి పేరు ఉండక్కర్లేదు! 1.9.14 నుంచి 1.9.17 దాకా ఈ లోపం ఉంది, 1.9.17పీ1లో పోయింది. పాత 1.9.13 ఉన్న డెబియన్ 12 దీన్నుంచి తప్పించుకుంది.

వెర్షన్ అంకె ఒక్కటే నమ్మకండి. ఉబుంటు 24.04లో దిద్దిన ప్యాకేజీ కూడా 1.9.15పీ5 అనే చెబుతుంది, డీపీకేజీ (ప్యాకేజీల వివరాలిచ్చే కమాండ్) చూపించే పూర్తి వెర్షన్ చూడాలి. ఎప్పుడో సోర్స్ నుంచి కట్టుకున్న కాపీ యూఎస్ఆర్-లోకల్ డైరెక్టరీలో ఉంటే, ప్యాకేజీలు అప్‌డేట్ చేసే ఏప్ట్ దాని జోలికే పోదు. ఫైండ్ కమాండ్‌తో సెట్‌యూఐడీ ఫైళ్లన్నీ (ఎవరు నడిపినా యజమాని హోదాలో నడిచేవి) వెతికితే ఆ కాపీ దొరుకుతుంది.

ఎంత అప్‌డేట్ చేసినా, సుడోయర్స్‌లో ఎవరికైనా విమ్ ఎడిటర్ అనుమతి ఇచ్చారంటే, ఏ కమాండైనా కొట్టగల రూట్ షెల్ ఇచ్చినట్టే. ఫైలు దిద్దడానికే అయితే సుడోఎడిట్ ఇవ్వండి. సుడోయర్స్‌ని, తప్పులుంటే పట్టిచూపే విసుడోతోనే తెరవండి, మామూలు ఎడిటర్‌లో చిన్న తప్పు దొర్లినా సుడోనే పనిచేయకుండా పోవచ్చు.

ఉబుంటు 25.10 రస్ట్ భాషలో కొత్తగా రాసిన సుడో-ఆర్ఎస్‌కు మారింది. మెమరీ పొర్లే జబ్బు చాలావరకు తగ్గుతుంది కానీ, టైమౌట్ అయితే సగం కొట్టిన పాస్‌వర్డ్ తెరమీద పడే లోపం దానికీ వచ్చింది, 0.2.10లో దిద్దారు. ఒక్కరే వాడే యంత్రానికైతే ఓపెన్‌బీఎస్‌డీవాళ్లు సుడోకు బదులుగా రాసిన చిన్న ప్రోగ్రామ్ డూ-యాజ్ చాలు, దాని కాన్ఫిగ్ రెండు మూడు వరుసల్లో అయిపోతుంది. ఎల్‌డాప్‌లో (యూజర్ల వివరాలన్నీ ఒకచోట ఉంచే డైరెక్టరీ సర్వర్‌లో) సుడో రూల్స్ పెట్టుకునే ఆఫీసులకు మాత్రం పాత సుడోయే గతి.