తంగేడు పూలని కసివింద పంపారు, కొనేవారు జాగ్రత్త

ఎండబెట్టిన తంగేడు పూలు కొని కషాయం కాచుకునేవారు, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, దయచేసి ఇది చదవండి.

బతుకమ్మకు ముందు ఆన్‌లైన్‌లో పావుకిలో పూలు తెప్పించాను. పొట్లం మీద ‘అసలైన అడవి తంగేడు’ అని ఉంది. అమ్మ దాన్ని పాత పేపరు మీద గుమ్మరించింది. రేకులు ముడుచుకుపోయి పూలన్నీ ఒకేలా ఉన్నాయి. వాటి మధ్యలోనే కాయ ముక్కలు కనిపించాయి. చిటికెనవేలి కంటే సన్నగా, కాస్త వంపు తిరిగి, నడుమ ముదురు గోధుమ రంగు, అంచులు లేత రంగు. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని ‘ఇది కసివింద’ అంది. తంగేడు కాయ కాగితంలా పల్చగా, వెడల్పుగా, గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టు ఉంటుంది. పేపరు మీద అలాంటిది ఒక్కటీ లేదు. కసివింద గింజలు మాత్రం పదహారు ఏరాను.

ఆ గింజలే నన్ను భయపెట్టాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు పిల్లలు చనిపోతుంటే చాలాకాలం మెదడువాపు అనుకున్నారు. కసివింద గింజలు తినడం వల్ల కాలేయం, కండరాలు, మెదడు కలిసి దెబ్బతింటున్నాయని వైద్యులు తర్వాత తేల్చారు. అమ్మినవారికి ఫోను చేస్తే ‘రెండూ ఒక జాతివే కదండీ, తేడా ఏముంటుంది’ అన్నారు. తినే సరుకు అమ్మేవారు అనవలసిన మాట కాదది.

వానలు తగ్గుముఖం పట్టాక బీళ్లలో, రోడ్ల పక్కన రెండూ పచ్చగా పూస్తాయి కాబట్టి పువ్వు రంగును నమ్మకండి, ఆకు చూడండి. తంగేడు ఈనెకు 8 నుంచి 12 జతల చిన్న ఆకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. ఈనె మొదట్లో చెవి తమ్మెలాంటి ఆకు రెక్క ఉంటుంది. దాని శాస్త్రీయ నామం ‘ఆరిక్యులేటా’ ఆ చెవిని బట్టి వచ్చిందే. కసివిందకు 4, 5 జతలే, కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే దుర్వాసన వస్తుంది.

ఎండు పూలే కావాలంటే కొమ్మతో, ఆకుతో ఉన్నవి అడగండి. పొడి మాత్రం కొనవద్దు, అందులో ఏం కలిపినా కంటికి కనిపించదు. మా పొట్లాన్ని అలాగే మూటకట్టి ఆహార భద్రతా అధికారులకు ఫిర్యాదుతో పాటు ఇచ్చాను.